డబ్బాల అడుగున తాళంచెవి

కందిపప్పు అప్పటికే పేపర్ మీద కుప్ప పోసేశాను. ఉలవలు చేటలో ఉన్నాయి. అనపగింజలు పోయడానికి ఇంకేమీ దొరక్క పాత దుప్పటి పరిచాను. ఖాళీ అయిన డబ్బాను బోర్లించి, అడుగున ఉన్న మాట చదివి, నోట్లోనే రెండుసార్లు అనుకుని పక్కన పెట్టాను. అవ్వ వంటింటి గడప మీద కూర్చుని, తను ఎండలో కూర్చుని బాగుచేసిన సరుకంతా నేను ఒక్క పూటలో నేలపాలు చేస్తున్నానని తిడుతోంది. ఫోన్ గ్యాస్ పొయ్యి పక్కన గోడకు ఆనించి పెట్టాను. ఏ దేశంలో ఉంటాడో కూడా నాకు తెలియని ఒకాయన దాంట్లో ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. తెలుగులోకి మార్చే యాప్‌లో వేసి చూస్తే, ఇప్పటికి ఎన్ని దొరికాయి అని అడుగుతున్నాడు.

తొమ్మిది, అని పెట్టాను. పన్నెండు ఉండాలి.

ఇదంతా ఒక దూడ కోసం. అది ముందు చెప్పకపోతే మీకు నేను పిచ్చిదానిలా కనిపిస్తాను.

మా అవ్వ, అంటే మా నాన్నను కన్నామె, ఒకప్పుడు పుంగనూరు ఆవును పెంచింది. నడుం దాకా కూడా రాని పొట్టి ఆవు, తెల్లటిది. వానలు పడని సంవత్సరం మేత కొనలేక దాన్ని పుంగనూరు దగ్గర ఒక రైతుకు అమ్మేసింది. అమ్మిందన్న మాటే గాని తెగతెంపులు చేసుకోలేదు. బిడ్డను అత్తగారింటికి పంపినట్టు, పండగకూ పబ్బానికీ ఏదో ఒకటి వండి పట్టుకుని దాన్ని చూడడానికి పోయేది. ఆ ఆవు పోయింది. దాని మనవరాలు ఇప్పుడు దూడ. ఈ పొట్టి ఆవులకు ఈమధ్య ఎక్కడలేని గిరాకీ వచ్చింది కదా, బెంగళూరు నుంచి ఫాంహౌస్ ఉన్నాయన ఒకరు దూడను అడిగారు. సోమవారం పొద్దున బండి పట్టుకుని వస్తానన్నారు. అది తెలిసిన రోజు నుంచి అవ్వ సరిగ్గా అన్నం తినలేదు. రైతు మంచోడు. సోమవారం లోపు మీరు కొనుక్కుంటే మీదే, అని మాటిచ్చాడు. అవ్వ దగ్గర డబ్బుంది కూడా. కాకపోతే ఆ డబ్బు క్రిప్టో వాలెట్‌లో, అంటే కాయిన్లు దాచుకునే ఫోన్ యాప్‌లో ఉంది, వాలెట్‌కు తాళం పడింది.

అవ్వకు క్రిప్టో ఏంటని అందరూ అడుగుతారు. టమోటాకు బ్రహ్మాండంగా రేటొచ్చిన సంవత్సరం, గుర్రంకొండ దారిలో ఉన్న మాకున్న కొంచెం చేనులో అవ్వ వాటాకు కూడా మంచి డబ్బొచ్చింది. బ్యాంకులో వేస్తే మా చిన్నాన్నలకు తెలుస్తుంది, తెలిస్తే అది అవ్వది కాకుండా పోతుంది. మదనపల్లె మార్కెట్ యార్డులో టీ దగ్గర ఎవరో కుర్రాళ్లు కాయిన్ గురించి మాట్లాడుకుంటుంటే విని వచ్చింది. నేను మొబైల్ షాపులో పని చేస్తాను. టెంపర్ గ్లాసులు అంటిస్తాను, రీచార్జులు చేస్తాను. ఇంటర్ మధ్యలో ఆపేశాను గాని ఫోన్లో నాకు రాని పని తక్కువ. అందుకని నన్నడిగింది. అది పెరుగుతుంది, పడుతుంది, భయపడేవాళ్లు పెట్టకూడదు అని చెప్పాను.

"టమోటా కంటే ఎక్కువ పడతాదా?" అనడిగింది.

అవ్వ ఫోన్లోనే వాలెట్ పెట్టాను.

ఆ యాప్ పన్నెండు ఇంగ్లీషు మాటలు చూపించింది. సంబంధం లేని మాటలు, పక్షి, కుర్చీ, వాన అన్నట్టు. వీటిని ఇదే వరసలో రాసి దాచుకోండి, ఫోన్ పోతే ఇవే తాళంచెవి, ఇవి పోతే మేము కూడా తెరవలేము అని ఉంది. నేను పేపర్ తీశాను. అవ్వ పేపర్ వైపు చూసి పెదవి విరిచింది. చెదలు తింటాయి, ఎలుకలు కొడతాయి, చిన్నాన్న పిల్లలు పడవలు చేస్తారు అంది. ఆ నెలలోనే అవ్వ ఒక డబ్బాల సెట్టు కొనుక్కుంది. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే స్టీలు డబ్బాలు, బియ్యం పోసుకునే దాని నుంచి ఇంగువ వేసుకునే దాని దాకా సరిగ్గా పన్నెండు. పేర్లు ఇంకా కొట్టించలేదు. మా ఇళ్లలో పేరు కొట్టించని స్టీలు సామాను ఉండదు కదా. ఎటూ పేరు కొట్టించాలి, ఆ మాటలే కొట్టిస్తే పోలేదా అంది.

పెద్ద డబ్బాకు మొదటి మాట, దాని కంటే చిన్నదానికి రెండో మాట, అట్లా దిగుతూ వచ్చాం. వరస మరిచిపోయే గొడవే లేదు. సామాన్ల షాపులో పేర్లు కొట్టే ఆయన మూడు డబ్బాల దాకా ఏమీ అడగలేదు. నాలుగో దానికి మిషను ఆపి, ఇవేం పేర్లమ్మా అన్నాడు.

"మా అల్లుండ్ల పేర్లు లేప్పా. కొట్టు," అంది అవ్వ.

"పన్నెండు మందా?"

"అందురూ ఫారిన్లో ఉండారు."

ఆయన ఇంకేమీ అడగకుండా కొట్టిచ్చాడు. అవ్వకు ఉన్నది ఒక్క కూతురు.

తర్వాత రెండేళ్లు బాగానే నడిచింది. ఈ మధ్య అవ్వ చేనులో డ్రిప్పుకు మందు కలిపే డ్రమ్ములోకి వంగి చూస్తుంటే జాకెట్‌లో ఉన్న ఫోన్ జారి దాంట్లో పడింది. మా షాపులో విప్పాం, ఆరబెట్టాం, బోర్డు కడిగాం. లేవలేదు. కొత్త ఫోన్లో అదే యాప్ వేస్తే పన్నెండు మాటలు అడిగింది. అప్పటికి మాకు తొందర లేదు, డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి కదా అనుకున్నాం. దూడ సంగతి తెలిశాక, శుక్రవారం, సెట్టు దించి చూస్తే కొన్ని లేవు.

భయమేసి ఇంటర్నెట్‌లో వెతికాను. తాళం పడిన వాలెట్ల గురించి మాట్లాడుకునే గ్రూపు ఒకటి దొరికింది. తెలుగులో మాట్లాడి ఇంగ్లీషులోకి మార్చి పెట్టాను. నిమిషం కాలేదు, విడిగా బోలెడు మెసేజ్‌లు వచ్చాయి. ఒకాయన నేనే ఆ యాప్ కంపెనీ మనిషినన్నాడు. మీకు గుర్తున్న మాటలు పెట్టండి, మిగిలినవి నేను చూసుకుంటాను అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడంటే, మొదటి మాటలో రెండు అక్షరాలు కొట్టేశాను కూడా. అప్పుడు గ్రూపులో, అందరికీ కనపడేట్టు, గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒకాయన రాశాడు. నిన్ను మాటలు అడిగేవాడెవడైనా దొంగే. ఎవరికీ చెప్పొద్దు. నాకు కూడా చెప్పొద్దు. ఫోటో తీయొద్దు, మెసేజ్ చేయొద్దు, ఫోన్లో చదవొద్దు.

నాకు కూడా చెప్పొద్దు అన్నాడే, అక్కడ నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఆ రెండు అక్షరాలు చెరిపేసి, సరే అన్నా, అని పెట్టాను. అన్నా అంటే ఏంటని అడిగాడు. చెప్పాను. టీ కప్పు బొమ్మ ఉన్న ఒకామె కూడా మాటల్లోకి వచ్చింది. ఆమె అక్క అయింది. గుడ్లగూబ అన్నకు ఆ పిలుపు ఎంత నచ్చిందో గాని, ఆ తర్వాత నన్ను కూడా అన్నా అనే పిలిచాడు. నేను దిద్దలేదు.

మాటలు దేని మీద రాసుకున్నావు అని అన్న అడిగాడు. పప్పు డబ్బాల అడుగున, స్టీలు మీద చెక్కించాం అని చెప్పాను. అటునుంచి నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. టీ కప్పు అక్క చెప్పింది, వాళ్ల దగ్గర పెద్దపెద్ద వాళ్లు ఇదే పనికి స్టీలు పలకలు ప్రత్యేకంగా కొనుక్కుంటారట, నిప్పుకూ నీళ్లకూ తట్టుకుంటుందని. మీ అవ్వ మేధావి అంది. అది అవ్వకు చదివి వినిపించాను.

"అది నాకు తెలిసిందే గానీ, దూడ సంగతి చెప్పమను," అంది అవ్వ.

దూడ సంగతి మిగిలిన మూడు డబ్బాల మీద ఉంది. అన్న లెక్క చెప్పాడు. ఒక్క మాట పోతే, అది ఏ వరసలోదో తెలిస్తే, కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం వేస్తే రెప్పపాటులో దొరుకుతుంది. రెండు పోతే ఒక పూట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మూడు పోతే మామూలు కంప్యూటర్ పెట్టుకుని సోమవారం మీద ఆశ పెట్టుకోవద్దు. ఏ వరసలోవి పోయాయో మాత్రం మాకు తెలుసు. సెట్టు మళ్లీ ఒకదాంట్లో ఒకటి పెట్టి ఊపితే, మధ్య డబ్బా లేని చోట గలగలమంటోంది. మూడు చోట్ల గలగలమంది.

యాడికి పోయాయి అనడిగితే అవ్వ ఉలవలు ఏరడం మొదలుపెట్టింది. మళ్లీ అడిగాను.

"ఇచ్చినా," అంది.

ఒకటి పుంగనూరు రైతు ఇంటికి ఓళిగలు, అదే బొబ్బట్లు, వేసి. ఒకటి కుప్పంలో మా మేనత్తకు మామిడికాయ ఊరగాయ వేసి. మూడోది ఎవరికిచ్చిందో గుర్తు లేదు. తాళంచెవిని ముక్కలు చేసి ఊరంతా పంచావు గదవ్వా అంటే, ఓళిగలు కవర్లో వేసి ఎట్ల పంపేది అంది. ఫోన్ చేసి అడుగుదాం అన్నాను. అవ్వ మొహం మారిపోయింది. మాలో ఇచ్చిన గిన్నెను అడగరు. అడిగితే పెట్టిన తిండి వెనక్కి అడిగినట్టు. తీసుకున్నవాళ్లు దాన్ని ఖాళీగా వెనక్కివ్వరు, ఏదో ఒక మంచి వస్తువు చేసినప్పుడు నింపి ఇస్తారు. అది సంవత్సరం పట్టినా సరే.

ఇదంతా టీ కప్పు అక్కకు చెప్పాను. నీకు కావలసింది డబ్బా కాదు కదా, దాని మీది మాట కదా, అంది ఆమె. చూసి వచ్చేయ్.

ఆ ముక్క మాకు తట్టనే లేదు. శనివారం పొద్దున బయలుదేరదాం అని చెప్పి నేను స్నానం చేసి వచ్చేసరికి, ఉత్తచేతులతో పోకూడదని అవ్వ నూనెలో కాల్చి నిప్పట్లు చేసింది. వాటిని ఉన్న తొమ్మిది డబ్బాల్లోనే ఒకదాంట్లో సర్దుతోంది. నేను పరిగెత్తుకెళ్లి లాక్కున్నాను. చివరికి నిప్పట్లు కవర్లోనే వచ్చాయి. పుంగనూరు బస్సులో దారంతా అవ్వ ఆ కవర్‌ను కొంగు కింద దాచుకుని కూర్చుంది.

రైతు ఇంటి ముందు దూడ కట్టేసి ఉంది. అవ్వ వాళ్లను పలకరించకుండా నేరుగా దాని దగ్గరికి పోయింది. అది అవ్వ చెయ్యి నాకి, గాజులు కొరకడానికి చూసింది. వాళ్లవ్వ కూడా ఇట్లే కొరికేదని అవ్వ కళ్లు తుడుచుకుంది. రైతు మా పక్కన నిలబడి మెల్లగా చెప్పాడు.

"మీ ఇంటి బిడ్డవ్వా ఇది. నాకూ నీకే ఇయ్యాలని ఉండాది. ఆయన సోమారం పొద్దున ఎనిమిదికంతా వస్తాడు. ఆ లోపల మీరొస్తే సరే. వచ్చినాక నేనేం చెప్పలేను."

"వస్తాం లేప్పా," అంది అవ్వ, డబ్బు కొంగున కట్టుకుని ఉన్నట్టు.

ఆయన భార్య మజ్జిగ తెచ్చి, మేం నోరు తెరవకముందే డబ్బా మాట ఎత్తింది. "మీ డబ్బా ఇంగా ఇయ్యలేదని ఏమనుకోవద్దవ్వా. పెద్దావు ఈనేదానికుండాది. జున్ను పెట్టి పంపిద్దామని పక్కన పెట్టినా."

"డబ్బాకేముంది తల్లీ, ఉండనీ," అంటూ అవ్వ నా తొడ మీద గిల్లింది.

నేను మంచినీళ్లు అని లోపలికి పోయాను. డబ్బా అటక మీద మెరుస్తోంది, లోపల బెల్లం, జున్నుకే అయ్యుంటుంది. ఎత్తి పట్టుకుని తల కిందికి పెట్టి చూస్తున్నాను. మాట కనపడింది. చదివేశాను. అప్పుడే ఆమె వెనకనుంచి వచ్చింది.

"ఏంది పాపా, అడుగున చిల్లేమన్నా పడిందా?"

లేదక్కా, స్టీలు మంచిదా కాదా అని చూస్తున్నా అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసి, పెళ్లి కుదిరిందా అనడిగింది. సామాన్లు కొనుక్కునే తొందర అనుకున్నట్టుంది. డబ్బా అడుగున చదివిన మాటను ఏలక్కాయలా బుగ్గన పెట్టుకుని బయటికొచ్చాను. పది దొరికాయి అని అన్నకు పెట్టాను.

అవ్వను మదనపల్లె బస్సెక్కించి నేను పలమనేరు మీదుగా కుప్పం పోయాను. అత్తకు ఫోన్ చేసి, డబ్బా అడుగున ఏముందో ఫోటో పెట్టమంటే ఒక నిమిషం పని. కానీ ఫోటో వద్దు, మెసేజ్ వద్దు, ఫోన్లో చదవొద్దు అని అన్న గట్టిగా చెప్పాడు కదా. నేను ఒకరు చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని. రెండు బస్సులు మారాను. కిటికీ పక్కన సీటు దొరికింది, పలమనేరులో జామకాయలు కొనుక్కున్నాను, ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ ఇష్టంగానే గుర్తుంది. సాయంత్రం ఈ సంగతి అన్నకు చెబితే, పన్నెండూ కలిపి చెప్పొద్దన్నాను గాని ఒక్క మాటకు అంత దూరం ఎందుకు పోయావు, అని తల పట్టుకున్న బొమ్మ పెట్టాడు.

కుప్పంలో అత్త నన్ను చూసి మొదట భయపడింది, అవ్వకు ఏమన్నా అయిందేమోనని. డబ్బా కోసం వచ్చానంటే నవ్వుతూ తెచ్చిచ్చింది. బోర్లించి చూశాను. అడుగున అత్త పేరు ఉంది. దాని పైన పెద్ద పువ్వు చెక్కి ఉంది.

"దీని మింద ఒక మాట ఉండాలే అత్తా?"

"ఏందో ఇంగ్లీసులో ఉన్నింది. ఒకరి గృహప్రవేశంలో సామాన్లు కలిసిపోతే నాదని చెప్పేదానికి లేకపోయ. మా యమ్మ ఇచ్చిన డబ్బా మింద ఎవురి పేరో యాల అని, దాని మింద పువ్వేయించి నా పేరు కొట్టించినా. బాగుండాది గదా?"

పువ్వు నిజంగానే బాగుంది. ఎనిమిది రేకులు. నేను అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుండిపోయాను. సంగతంతా విన్నాక అత్త ముఖం వాడిపోయింది. దూడ అవ్వకు దక్కకపోతే అది తన పువ్వు వల్లే అని అప్పుడే తీర్మానం చేసుకుంది. ఊరుకో అత్తా, అంటూ నేను టీ కప్పు అక్కకు రాశాను. ఆమె ఒక ఉపాయం చెప్పింది. చెక్కిన గీతల్లో నల్లటిది ఏదైనా పట్టించి, పైపైన తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడు. పువ్వు గీతలు ఒక తీరుగా ఉంటాయి, అక్షరాలు ఇంకో తీరుగా ఉంటాయి.

అత్త కాటుక డబ్బీ తెచ్చింది. కన్నుకు దిద్దినంత జాగ్రత్తగా వేలితో పూసి, చీర చెంగుతో తుడిచింది. ఇద్దరం వాకిట్లోకి పోయి డబ్బాను ఎండకు పట్టుకుని తిప్పాం. ఎదురింటామె మమ్మల్ని చూసి సూర్యగ్రహణమా అని తమిళంలో అడిగింది. రేకుల సందుల్లో మొదటి అక్షరం దొరికింది. రెండోది కూడా. మూడోది రేకు కింద పూర్తిగా పోయింది. చివరి అక్షరం సగం.

రెండే దొరికాయి అని పెట్టాను, ఏడుపు బొమ్మతో. అన్న వెంటనే రాశాడు. ఈ మాటలన్నీ ఒకే జాబితా నుంచి వస్తాయి, అది లోకమంతా చూసే జాబితానే. ఆ రెండు అక్షరాలతో మొదలయ్యేవి దాంట్లో కొన్నే ఉంటాయి. నీకు రెండు మాటలు పోలేదు అన్నా, ఒకటింబావు పోయింది. ఇది అయ్యే పనే.

అది అత్తకు చెప్పగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. డబ్బా కడిగి, మురుకులు నింపి నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్లకు ఖాళీగా ఇవ్వకుండా ఇచ్చానన్న తృప్తి ఆమెకు. నాకు బస్సులో ఆకలైంది, సగం దారిలోనే తినేశాను.

ఆదివారం మా షాపు మధ్యాహ్నం దాకే. ఆధార్ ప్రింట్లు తీసే ల్యాప్‌టాప్ ఒకటుంది. మా ఓనరన్నను అడిగాను. వాడుకో, కానీ వైరస్ వస్తే నీ జీతంలో పట్టుకుంటా అన్నాడు. అన్న చెప్పినట్టే ప్రోగ్రాం దించుకుని, నెట్ ఆపేసి, వైఫై కూడా పీకేసి, మాటలు కొట్టడం మొదలుపెట్టాను. ఓనరన్న ఏటీఎంలో ఎవరో పిన్ కొడుతుంటే పక్కన నిలబడినవాడిలా గోడ వైపు తిరిగి నిలుచున్నాడు. దొరికిన పది మాటలు వరసలో పెట్టాను. అత్త పువ్వు కింది మాటకు రెండక్షరాలు. ఎవరికిచ్చిందో తెలియని మూడో డబ్బా చోటు ఖాళీ. వాలెట్ చిరునామా నా ఫోన్లోనే పాత మెసేజ్‌లో ఉంది, కాయిన్లు పంపినప్పటిది. తాళంచెవి సరైనదో కాదో దాంతోనే తెలుస్తుంది.

నొక్కాను. నల్లటి స్క్రీన్ మీద అంకెలు కిందికి జారుతూ పోయాయి. నేను కదలకుండా చూస్తున్నాను. ఇంతలో ఒకామె ఫోన్‌కు గ్లాసు వేయమని వచ్చింది. వేశాను. నా చేతిలో పడ్డ గ్లాసుకు బుడగ రావడం అదే మొదటిసారి. మళ్లీ తీసి మళ్లీ వేశాను. ఇంకొకాయన చార్జర్ అడిగితే ఇయర్‌ఫోన్ ఇచ్చాను. ఓనరన్న విసుక్కుని, నువ్వు ఆడ్నే కూసో తల్లీ అని తనే కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

అంకెలు ఆగిపోయాయి. ప్రోగ్రాం పాడైందేమో అనుకున్నాను. కింద ఒక వరసలో పన్నెండు మాటలు కనిపించాయి. మూడో డబ్బా మాట చూసి నవ్వొచ్చింది. మేం రోజూ పొద్దున లేచి వాడే వస్తువే అది. ఆ మాట ఏంటో మీకు చెప్పను. ఇప్పుడు చెప్పినా పోయేదేమీ లేదు, ఆ వాలెట్ ఖాళీ అయిపోయింది. కానీ చెప్పకూడదన్న భయం ఒంటికి పట్టేసింది. ఆ మూడో డబ్బా ఎవరింట్లో ఉందో ఈ రోజుకీ తెలియదు.

అవ్వ కొత్త ఫోన్లో మాటలు వేశాను. తెరుచుకుంది. ఇంటికి ఫోన్ చేశాను.

"అవ్వా, తెరుచుకునింది."

"దూడకు సరిపోతాదా?"

"సరిపోతాది. మిగులుతాది గూడా."

అటునుంచి కోడి కూత, దాని మీదుగా అవ్వ గొంతు. "అయితే వచ్చేటప్పుడు పలుపు కొనుక్కొని రా. కొత్తది. నూలుది చూడు, నైలాన్‌ది మెడ కోస్తాది."

కాయిన్లు అమ్మే పని ఓనరన్న పక్కనుండి చేయించాడు. సాయంత్రం టీలు తాగే వేళకు నా అకౌంట్లో డబ్బు పడ్డట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఓనరన్నే దూడకు కావలసింది నా ఫోన్ నుంచి తనకు వేయించుకుని నోట్లిచ్చాడు. గ్రూపులో అన్నకూ అక్కకూ చెప్పాను. మీకేం ఇవ్వాలి అని అడిగాను. పెద్ద పని చేసిపెట్టారు, ఊరికే ఎట్లా అన్నాను. అక్క ఏమీ వద్దంది. అన్న మాత్రం తన సంగతి ఒకటి చెప్పాడు. ఆయన వాలెట్ తాళం ఎప్పుడో పోయిందట, మాటలు ఎక్కడ రాసుకున్నాడో గుర్తే లేదట. అది ఇక తెరుచుకోదు. ఎవరిదైనా తెరుచుకుంటే చూద్దామని ఈ గ్రూపులో ఉంటాను అన్నా, ఇయ్యాల నీది తెరుచుకుంది, నాకు అది చాలు అన్నాడు. ఆ మెసేజ్ అవ్వకు చదివితే, పాపం ఆ పిల్లోడికి స్టీలు డబ్బాలు లేవేమో అంది. దేవుడి దగ్గర ఆయన కోసం దీపం పెట్టింది. పేరు తెలియదు గనక గుడ్లగూబ బొమ్మాయన అని మొక్కుకుంది.

మర్నాడు తెల్లారేసరికి ట్రాలీ ఆటోలో వరిగడ్డి పరిచి పుంగనూరు పోయాం. డబ్బు రైతు భార్య చేతికే ఇచ్చింది అవ్వ, ఇంటి లక్ష్మి చేతికి ఇయ్యాలని. కొత్త పలుపు వేస్తే దూడ దాన్ని కూడా కొరికి చూసింది. వచ్చే దారిలో నేను వెనక గడ్డి మీద కూర్చుని దాన్ని పట్టుకున్నాను. ఎదురుగా బెంగళూరు నంబరుతో పెద్ద బండి ఒకటి మమ్మల్ని దాటి పోయింది. అదే అయ్యుంటుందని అవ్వా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆటో డ్రైవర్‌కు అర్థం కాకపోయినా పడీపడీ నవ్వాం.

ఇంటి దగ్గర అవ్వ పసుపునీళ్లు చల్లి, కుడికాలు ముందు పెట్టి లోపలికి రమ్మని దూడను పిలిచింది. అది నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. గడ్డి చూపించాం, బెల్లం చూపించాం, వెనకనుంచి నెట్టాం. వీధిలో వాళ్లంతా పోగయ్యారు. షాపుకు టైమవుతోంది. ఇక లాభం లేదని నేను వంగి, దాని కాళ్ల కింద రెండు చేతులూ పెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను. అనుకున్నదాని కంటే బరువుంది. నా చెవి నాకుతోంది. కుడికాలు నేనే ముందు పెట్టి, దాన్ని మోసుకుంటూ గడప దాటాను.